ఏవీ1కి మారే ముందు చూసేవాళ్ళ దగ్గర బొమ్మ పడుతుందో లేదో చూసుకోండి

పోయినేడు పిల్లల నాటకం రికార్డింగ్ ఒకటి, గంటా పది నిమిషాలది, రాత్రంతా కంప్యూటర్ నడిపి ఏవీ1లోకి (వీడియోని చిన్న ఫైలుగా కుదించే కొత్త పద్ధతి) మార్చాను. పొద్దున లేచి చూస్తే ఫైలు మూడో వంతుకి దిగింది, పక్కపక్కన పెట్టి చూసినా తేడా పట్టుకోలేకపోయాను, నా భుజం నేనే తట్టుకుని పెన్‌డ్రైవ్‌లో వేసి మా పెద్దమ్మకి ఇచ్చాను. సాయంత్రానికి ఫోన్. "ఒరేయ్, మాటలు వినపడుతున్నాయి గానీ బొమ్మ రావట్లేదురా, ఇదేమన్నా రేడియో నాటకమా?"

టీవీ మరీ పాతదేం కాదు. ఆవిడ చేసిన తప్పూ ఏం లేదు. ఆ టీవీలో ఉన్న చిప్‌కి ఏవీ1 విప్పడం రాదు, అంతే. మళ్ళీ కూర్చుని పాత పద్ధతి హెచ్.264లో ఇంకో కాపీ తీసి ఇచ్చాను.

అందుకే ఈ గైడ్‌ని వెనక నుంచి మొదలుపెడుతున్నా. మామూలుగా ఇలాంటివన్నీ "ముందు ఫలానా సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసుకోండి" అంటాయి. మీరు మాత్రం ముందు ఆ వీడియో ఎవరు చూస్తారు, దేంట్లో చూస్తారు అని ఆలోచించుకోండి, సాఫ్ట్‌వేర్ ఎక్కడికీ పోదు.

అసలు సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో. వీడియో అంటే సెకనుకి పాతికో ముప్పయ్యో బొమ్మలు, వాటిని ఉన్నవి ఉన్నట్టు దాచాలంటే ఏ డిస్కూ చాలదు, కాబట్టి కుదించాలి, ఆ కుదించే పద్ధతినే కోడెక్ అంటాం. ఇన్నాళ్ళూ దాదాపు అంతటా నడిచింది 2003లో వచ్చిన హెచ్.264. దాని తర్వాత 2013లో హెచ్.265 (హెచ్‌ఈవీసీ అన్నా అదే) వచ్చింది, పని బాగానే చేస్తుంది, కానీ పేటెంట్ల లైసెన్సులు ఒకచోట కాకుండా రెండు మూడు గుంపుల దగ్గర విడివిడిగా తీసుకోవాల్సి రావడంతో కంపెనీలకి విసుగు పుట్టింది. 2015లో గూగుల్, మొజిల్లా, సిస్కో, మైక్రోసాఫ్ట్, ఇంటెల్, అమెజాన్, నెట్‌ఫ్లిక్స్ కలిసి అలయన్స్ ఫర్ ఓపెన్ మీడియా అని పెట్టుకున్నాయి. గూగుల్ దగ్గర తయారవుతున్న వీపీ10, సిస్కో వాళ్ళ థోర్, మొజిల్లా-జిఫ్ వాళ్ళ డాలా, ఈ మూడింట్లో మంచివి ఏరి కలిపి 2018 మార్చిలో ఏవీ1 విడుదల చేశారు. ఎవరైనా వాడుకోవచ్చు, రాయల్టీ అడగం అన్నది వాళ్ళ మాట. బయటి సంస్థ ఒకటి మాకూ పేటెంట్లున్నాయంటూ లైసెన్సు పట్టుకుని వచ్చింది గానీ, ఆ గొడవ పరికరాలు తయారుచేసే కంపెనీలది, ఇంట్లో కూర్చుని వీడియోలు మార్చుకునే మనది కాదు.

విడుదలైన మర్నాడే ప్రపంచం మారిపోలేదు. కొత్త కోడెక్ జనంలోకి రావడానికి ఏళ్ళు పడుతుంది, ఎందుకంటే కుదించేది ఒక్కడైతే విప్పేవాళ్ళు కోట్లమంది, వాళ్ళందరి చేతుల్లో ఉన్న చిప్పులూ మారాలి. ఇప్పటికీ మనం ఆ మధ్యలోనే ఉన్నాం. కొన్ని ఫోన్లలో వెన్నలా ఆడుతుంది, కొన్నింట్లో ఫోన్ పెనంలా కాగుతుంది, కొన్నింట్లో బొమ్మే రాదు.

మీ దగ్గరా, వాళ్ళ దగ్గరా ఏముందో చూడండి

విప్పడం రెండు రకాలు. చిప్‌లోనే దానికోసం ప్రత్యేక సర్క్యూట్ ఉంటే హార్డ్‌వేర్ డీకోడింగ్, లేకపోతే ప్రాసెసర్ తన మామూలు బలంతో లాగించడం సాఫ్ట్‌వేర్ డీకోడింగ్. రెండోదానికి వీఎల్‌సీ తయారుచేసే వీడియోలాన్ వాళ్ళు రాసిన డేవిడ్ అనే డీకోడర్ ఉంది (పేరు మధ్యలో ఒకటి అంకె ఇరికించారు, ముద్దుగా). దాన్ని అసెంబ్లీ భాషలో (చిప్‌కి దాదాపు నేరుగా ఇచ్చే ఆదేశాలు) చేత్తో రాసి రాసి ఎంత వేగంగా చేశారంటే, ఓ మాదిరి పాత ల్యాప్‌టాప్ కూడా 1080పీ వీడియోని నెట్టుకొచ్చేస్తుంది. కానీ బ్యాటరీ తింటుంది, 4కే అయితే చెమటలు పడతాయి.

హార్డ్‌వేర్ సంగతికొస్తే కంప్యూటర్లలో ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లు, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 30 సిరీస్, ఏఎండీ ఆర్‌ఎక్స్ 6000 సిరీస్, ఇవన్నీ 2020 ప్రాంతంలో వచ్చినవే, వీటి నుంచి ఇటు ఉంటే దాదాపు నిశ్చింత (ఆర్‌ఎక్స్ 6000లో అన్నిటికన్నా చిన్న కార్డులకి మాత్రం లేదు, మళ్ళీ నన్ను అడగొద్దు). ఆపిల్ బాగా ఆలస్యంగా వచ్చింది: ఐఫోన్ 15 ప్రోతో 2023లో మొదలు. అదే ఏడు కొన్న మామూలు ఐఫోన్ 15లో లేదు, 16 నుంచి అన్నింట్లో ఉంది. మ్యాక్ అయితే ఎం3 చిప్ నుంచి. సఫారీ బ్రౌజర్ చిప్‌లో ఉంటేనే ఆడిస్తుంది, లేకపోతే అసలు ప్రయత్నమే చేయదు, ఇది గుర్తుంచుకోండి, వెబ్‌సైట్ పెట్టేవాళ్ళకి కింద పనికొస్తుంది. ఆండ్రాయిడ్‌లో స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 2, గూగుల్ టెన్సర్, మీడియాటెక్ డైమెన్సిటీ 1000, ఇలాంటి పై తరగతి చిప్పులతో మొదలై మెల్లగా కిందికి దిగుతోంది.

ఈ జాబితాలు కంఠస్థం చేయక్కర్లేదు. విండోస్‌లో ఇలా చూడండి. యూట్యూబ్‌లో బాగా చూసినవాళ్ళున్న వీడియో ఒకటి పెట్టి, దాని మీద రైట్ క్లిక్ చేస్తే అడుగున "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" అని ఉంటుంది. నొక్కితే నల్లటి పెట్టెలో చిన్న అక్షరాలు వస్తాయి, అందులో కోడెక్స్ అన్న వరుసలో ఇంగ్లిష్‌లో "ఏవీ01" అని మొదలైతే మీరు చూస్తున్నది ఏవీ1. "వీపీ09" అంటే వీపీ9 (గూగుల్ వాళ్ళ ముందటి కోడెక్), "ఏవీసీ1" అంటే పాత హెచ్.264 (ఏవీసీ1ని చూసి ఏవీ1 అనుకుని సంబరపడినవాళ్ళలో నేనూ ఉన్నా). ఇప్పుడు ఆ వీడియో ఆడుతుండగానే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ మీద నొక్కండి. "వీడియో డీకోడ్" అనే గ్రాఫ్ కదులుతూ, సీపీయూ ప్రశాంతంగా ఉంటే మీ చిప్‌కి ఏవీ1 వచ్చు. డీకోడ్ గ్రాఫ్ చచ్చినట్టు పడుకుని సీపీయూ ఎగిరెగిరి పడుతుంటే పని మొత్తం డేవిడ్ ఒక్కడే మోస్తున్నాడని అర్థం. బ్రౌజర్లో కాక విండోస్ సొంత ప్లేయర్లో చూడాలంటే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో "ఏవీ1 వీడియో ఎక్స్‌టెన్షన్" ఉచితంగా దొరుకుతుంది. వీఎల్‌సీ ఉంటే అదీ అక్కర్లేదు.

టీవీలకి మాత్రం ఏ జాబితానీ నమ్మొద్దు. ముప్పై సెకన్ల ఏవీ1 ముక్క ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆ టీవీకే పెట్టి చూడండి. నేను ఆ ముప్పై సెకన్ల పని చేసుంటే రాత్రంతా ఫ్యాన్ మోత వినేవాణ్ణి కాదు.

ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. ఏవీ1 బాగుందని హార్డ్ డిస్క్‌లో ఉన్నదంతా మార్చేస్తారు. ఇప్పటికే బాగా కుదించిన ఫైలు, అంటే నెట్ నుంచి వచ్చినదీ, మెసేజింగ్ యాప్‌లో ఎవరో పంపిందీ, దాన్ని మళ్ళీ కుదిస్తే పిండేసిన చెరకుని మళ్ళీ మిషన్లో పెట్టినట్టే. రసం రాదు, పిప్పి ఇంకా నలుగుతుంది. మొదటిసారి కుదించినప్పుడు పడిన గడులనీ మరకలనీ కొత్త ఎన్‌కోడర్ (కుదించే ప్రోగ్రాం) నిజమైన బొమ్మే అనుకుని జాగ్రత్తగా కాపాడుతుంది పైగా.

లాభం ఎక్కడుందంటే కెమెరా నుంచో ఫోన్ నుంచో నేరుగా వచ్చిన బరువైన ఫైళ్ళలో. లెక్క చూడండి: ఫోన్ సెకనుకి 17 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే నిమిషానికి సుమారు 127 ఎంబీ, గంటకి ఏడున్నర జీబీ దాటుతుంది. ఫోన్ చేతిలో ఉండగా అప్పటికప్పుడు, బ్యాటరీ తినకుండా, హడావిడిగా కుదించాలి కాబట్టి చోటు గురించి పట్టించుకోదు. మన కంప్యూటర్‌కి ఆ తొందర లేదు, నిదానంగా వెతికి వెతికి కుదించొచ్చు. స్క్రీన్ రికార్డింగులు, స్లైడ్లు ఉన్న పాఠాలు అయితే ఇంకా బాగా దిగుతాయి, ఎందుకంటే ఏవీ1లో అలాంటి వాటికోసమే కొన్ని పనిముట్లు పెట్టారు. తెర మీద అదే అక్షరం ఇంకోచోట కనిపిస్తే మళ్ళీ గీయకుండా "పైన ఉన్నదే ఇక్కడా పెట్టు" అని చెప్పేయగలదు.

ఎంత తగ్గుతుంది అని అడిగితే అది వీడియోని బట్టి. ఫేస్‌బుక్ ఇంజినీర్లు 2018లో పరీక్షించినప్పుడు, అదే నాణ్యతకి మంచి హెచ్.264తో పోలిస్తే 46 శాతం దాకా ఆదా అయిందన్నారు. వీపీ9 మీద 20 శాతం మెరుగని నెట్‌ఫ్లిక్స్ 2020లో ఆండ్రాయిడ్‌కి ఏవీ1 పంపడం మొదలుపెట్టినప్పుడు చెప్పింది. ఇంకా ఎడిటింగ్ చేయాల్సిన ఫైలుని మాత్రం మార్చకండి, టైమ్‌లైన్ మీద నత్తలా నడుస్తుంది. ఎడిటింగ్ అంతా అయ్యాక, ఆఖరి అడుగుగా ఏవీ1.

హ్యాండ్‌బ్రేక్‌తో పని

కమాండ్లు టైప్ చేసే అలవాటున్నవాళ్ళకి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఉంది, వాళ్ళకి నేను చెప్పేదేం లేదు. మిగతావాళ్ళకి హ్యాండ్‌బ్రేక్ అనే వీడియోలు మార్చే ప్రోగ్రాం చాలు: ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లో నడుస్తుంది. 1.6 వెర్షన్ నుంచే ఏవీ1 వచ్చింది, మీ దగ్గర అంతకంటే పాతది ఉంటే మెనూలో ఎంత వెతికినా కనపడదు, అప్‌డేట్ చేసుకోండి.

ఫైలు లోపలికి లాగి పడేయండి. సమ్మరీ ట్యాబ్‌లో ఫార్మాట్ ఎంపీ4 పెట్టండి, ఎక్కువ చోట్ల ఇదే ఆడుతుంది. వీడియో ట్యాబ్‌లోకి వెళ్ళి వీడియో ఎన్‌కోడర్ దగ్గర "ఏవీ1 10-బిట్ (ఎస్‌వీటీ)" ఎంచుకోండి. ఎస్‌వీటీ-ఏవీ1 ఇంటెల్, నెట్‌ఫ్లిక్స్ కలిసి తయారుచేసిన ఎన్‌కోడర్, తర్వాత అలయన్స్ దాన్నే పట్టుకుంది. తొలిరోజుల్లో ఏవీ1 ఎన్‌కోడింగ్ అంటే నిమిషం వీడియోకి గంటలు పట్టేది, ఆ చెడ్డపేరు పోగొట్టింది ఎక్కువగా ఇదే.

నా వీడియో 8-బిట్టే కదా, 10-బిట్ ఎందుకు అంటారా? బిట్లు ఎక్కువైతే ఒక్కో రంగుకి ఛాయలు ఎక్కువ, అంతే. నాటకం వీడియోలో వేదిక వెనక గోడ ఉంది, మీద ఒక్క దీపం వెలుతురు, పై నుంచి కిందికి మెల్లగా చీకట్లోకి జారుతుంది. 8-బిట్‌లో మార్చినప్పుడు ఆ జారుడు కాస్తా మెట్లు మెట్లుగా, బట్ట మీద నీటి మరక ఆరిన గీతల్లా తేలింది. అదే 10-బిట్‌లో గోడ గోడలాగే ఉంది, ఫైలు సైజు కూడా దాదాపు అంతే. హెచ్.264లో 10-బిట్ అంటే చాలా పరికరాలు మొరాయించేవి, ఏవీ1లో అది మెయిన్ ప్రొఫైల్‌లోనే (అంటే మామూలు రకంలోనే) భాగం కాబట్టి 8 ఆడే చిప్‌లో 10 కూడా ఆడుతుంది.

ఫ్రేమ్ రేట్ "సేమ్ యాజ్ సోర్స్". తర్వాత అసలు మీట, కాన్‌స్టంట్ క్వాలిటీ. దీని అంకె ఎంత తక్కువైతే అంత నాణ్యత, అంత బరువు. హెచ్.264కి అలవాటుపడినవాళ్ళు ఇక్కడ 20 పెట్టేసి, ఫైలు ఒరిజినల్ కంటే పెద్దదైందని ఏవీ1ని తిట్టిపోస్తారు. అక్కడ కొలబద్ద 51తో ఆగిపోతుంది, ఇక్కడ 63 దాకా వెళ్తుంది, ఆ 20కీ ఈ 20కీ చుట్టరికం లేదు. 1080పీ ఫోన్ వీడియోకి నేను 30తో మొదలుపెడతా, దాచుకోవాల్సినవి అయితే 26, స్లైడ్ల పాఠాలకి 35 కూడా చాలు.

దాని కింద ఎన్‌కోడర్ ప్రీసెట్ జారుడు మీట. ఇది వేగానికి. అంకె తగ్గేకొద్దీ నెమ్మది, కానీ అదే నాణ్యతకి ఫైలు చిన్నదవుతుంది. 6 దగ్గర పెట్టండి. కంప్యూటర్ ముసలిదైతే 8. 3 కిందికి వెళ్తే వంట చేసుకుని తిని పడుకుని లేచినా అవదు, ఆ వచ్చే రెండు మూడు శాతం ఆదా కోసం కరెంటు దండగ.

చీకట్లో తీసిన వీడియోల మీద చీమలు పాకినట్టు గరుకు కదులుతుంటుంది చూశారా, కుదించడానికి అన్నిటికన్నా కష్టమైంది అదే, ఎందుకంటే ఏ ఫ్రేముకా ఫ్రేము మారిపోతుంది, పాతదాన్నుంచి కొత్తదాన్ని ఊహించడం కుదరదు. ఏవీ1లో దీనికో చక్కని తెలివి పెట్టారు. ఎన్‌కోడర్ ఆ గరుకుని తుడిచేసి శుభ్రమైన బొమ్మని కుదిస్తుంది, గరుకు ఎలా ఉండేదో కొన్ని అంకెల్లో రాసి పక్కన పెడుతుంది, ఆడించేటప్పుడు ప్లేయర్ ఆ అంకెల్ని చూసి కొత్తగా గరుకు చల్లుతుంది. అచ్చం అదే గరుకు కాదు, కానీ కంటికి అదే. కావాలంటే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ పెట్టెలో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఫిల్మ్, చిన్న గీత, గ్రెయిన్ అని ఖాళీ లేకుండా రాసి, సమానం గుర్తు పెట్టి 8 వేయండి. పగటిపూట తీసిన శుభ్రమైన వీడియోకి ఇది అక్కర్లేదు, లేని దుమ్ము చల్లినట్టవుతుంది.

ఆడియో ట్యాబ్‌లో ఏఏసీ అలాగే వదిలేయండి, ఆదా అయ్యేదంతా బొమ్మలోనే ఉంది.

ఇప్పుడు స్టార్ట్ నొక్కొద్దు. పైన రేంజ్ అని ఉంటుంది, దాన్ని సెకండ్స్‌కి మార్చి, వీడియోలో బాగా కష్టమైన నిమిషం ఒకటి (జనం అటూ ఇటూ కదిలేది, లేదా చీకటి సీను) మాత్రం ఎంచుకుని ముందు దాన్ని మార్చండి. మొదటి నిమిషం పెట్టొద్దు, అందులో సాధారణంగా ఖాళీ వేదికో, టైటిలో ఉంటుంది, దాన్ని చూసి మురిసిపోతే మోసపోతాం. వచ్చిన ముక్కని ఒరిజినల్ పక్కన పెట్టి, ఆపి, ముఖాలు, జుట్టు, గోడల మూలలు చూడండి. తర్వాత మామూలు దూరంలో కూర్చుని ఓసారి ఆడించి చూడండి, ఎందుకంటే ఆపి చూస్తే ఏ కోడెక్ అయినా బయటపడుతుంది, జనం ఆపి చూడరు. ఆ ముక్కనే చూసేవాళ్ళ ఫోన్‌కీ టీవీకీ పంపండి. అక్కడ కూడా ఆడాకే మిగతా అంతా క్యూలో వేసి పడుకోండి.

గ్రాఫిక్స్ కార్డుతో ఎన్‌కోడ్ చేస్తే పోలా అని అడుగుతారు. ఇంటెల్ ఆర్క్, ఆర్‌టీఎక్స్ 40, ఆర్‌ఎక్స్ 7000, ఈ మూడూ 2022లో వచ్చాయి, ఏవీ1 కుదించగలవు, గాలిలా పరుగెడతాయి. కానీ అదే నాణ్యతకి ఎస్‌వీటీ కంటే ఫైలు పెద్దది వస్తుంది. దాచుకునేదానికి నిదానమే మేలు. లైవ్ ఇచ్చేవాళ్ళకి, గేమ్ రికార్డు చేసేవాళ్ళకి మాత్రం కార్డే దిక్కు. ఓబీఎస్‌లో (లైవ్ పంపడానికి వాడే ప్రోగ్రాం) 29.1 వెర్షన్ నుంచి యూట్యూబ్‌కి నేరుగా ఏవీ1లో లైవ్ పంపొచ్చు, ఇంటర్నెట్ అప్‌లోడ్ వేగం అంతంత మాత్రంగా ఉన్నవాళ్ళకి తేడా కళ్ళకి కనపడుతుంది. మామూలు అప్‌లోడ్‌కి మాత్రం ఏవీ1 చేసి పెట్టడంలో లాభం లేదు, యూట్యూబ్ ఎలాగూ తనకి కావాల్సినట్టు మళ్ళీ కుదించుకుంటుంది, దానికి మీ దగ్గరున్న మంచి కాపీనే ఇవ్వండి.

సొంత వెబ్‌సైట్ ఉంటే

పాతదాన్ని తీసేసి ఏవీ1 పెట్టకండి, పక్కన చేర్చండి. వీడియో ట్యాగ్ లోపల రెండు సోర్స్ లైన్లు రాయాలి, మొదట ఏవీ1 ఫైలు, తర్వాత హెచ్.264 ఫైలు. బ్రౌజర్ పై నుంచి చదువుకుంటూ వచ్చి తనకి వచ్చిన మొదటిదాన్ని పట్టుకుంటుంది, పాత ఐఫోన్ రెండోదానికి దిగుతుంది, చూసేవాడికి ఏమీ తెలియదు. వరుస తిరగేస్తే మాత్రం అందరూ హెచ్.264నే తీసుకుంటారు, ఎందుకంటే అది అందరికీ వచ్చు, మీరు రాత్రంతా చేసిన పని సర్వర్లో నిద్రపోతుంది.

ఇంకోటి, టైప్ దగ్గర ఊరికే వీడియో/ఎంపీ4 అని రాసి వదిలేస్తే బ్రౌజర్‌కి లోపల ఏముందో తెలియదు. కోడెక్స్ స్ట్రింగ్ (లోపలున్న కోడెక్ వివరం చెప్పే ముక్క) కూడా ఇవ్వాలి. 1080పీ, సెకనుకి 30 ఫ్రేములు, 10-బిట్ అయితే అది ఇంగ్లిష్ అక్షరాల్లో "ఏవీ01.0.08ఎం.10" అవుతుంది. చూడ్డానికి మంత్రంలా ఉంటుంది గానీ విప్పితే ఏం లేదు: సున్నా అంటే మెయిన్ ప్రొఫైల్, 08 అంటే లెవెల్ 4.0 (బొమ్మ ఎంత పెద్దది, సెకనుకి ఎన్ని అన్నదాన్ని బట్టి), ఎం అంటే మెయిన్ టియర్, ఆఖరి 10 బిట్ల లోతు. ఆ 08ని చూసి 8-బిట్ అనుకోవడం మామూలు పొరపాటు. 60 ఫ్రేములైతే 08 బదులు 09. హ్యాండ్‌బ్రేక్‌లో "వెబ్ ఆప్టిమైజ్డ్" టిక్ పెట్టడం మర్చిపోకండి, లేకపోతే ఫైలు వివరాలు చివర్లో ఉండిపోయి వీడియో మొదలవడానికే ఆలస్యమవుతుంది.

ఒరిజినల్స్ ఎప్పుడు తీసేయాలి అన్నది చివరి ప్రశ్న. కెమెరా నుంచి వచ్చినవి, మళ్ళీ తీయలేనివి అయితే నేను తీసేయను, ఇంకో డిస్క్‌లో పడుంటాయి, రేపు దీని తర్వాతిదైన ఏవీ2 జనంలోకి వస్తే అప్పుడు మళ్ళీ ఒరిజినల్ నుంచే మొదలుపెట్టాలి కదా. మిగతావాటికైతే, మార్చిన ఫైలుని మొదట్లో, మధ్యలో, ఆఖరి నిమిషంలో మూడు చోట్ల ఆడించి చూస్తా, మాటకీ పెదవికీ పొంతన కుదిరిందో లేదో ఆఖర్లోనే తెలుస్తుంది, నిడివి సెకనుతో సహా సరిపోయిందో చూసుకుని అప్పుడు తీసేస్తా. పెద్దమ్మ పెన్‌డ్రైవ్‌లో మాత్రం ఇప్పటికీ హెచ్.264 కాపీలే వేస్తున్నా.